ఆకాశం నుంచి పడిన తెల్లగుడ్డ

తొంభైల చివర్లో అనంతగిరి దగ్గర ఒక గిరిజన గూడెంలో టీచర్‌గా పనిచేసేదాన్ని. ఆకాశంలోంచి మెరుస్తూ కొండమీద పడిన వింత వస్తువేమిటో తేల్చడానికి ప్రభుత్వం శాస్త్రవేత్తలను పంపింది. వాళ్లకు తోడుగా వెళ్లాను. అక్కడ దొరికిన పెట్టె చూసి, అది వాతావరణ బెలూన్‌దని చెప్పారు. దాని పారాచూట్ తెల్లగుడ్డ మాత్రం లేదు. గూడెంలోనే ఉండే కాసులమ్మ అనే ఆమె పట్టుకెళ్లిందని గూడెంవాళ్లు చెప్పారు.

“సర్కారు సొమ్మది. ఎక్కడ దాచావో చెప్పు, లేకపోతే పోలీసులొస్తారు!” అని ఆమెను గదమాయించాను.

కాసులమ్మ నా కాళ్లమీద పడింది. “మా గుంట జొరంతో సచ్చిపోనాది టీచరమ్మా. కప్పడానికి కొత్తగుడ్డ నేక, దాన్నే సుట్టి పాతిపెట్టినాం. తవ్వి తెమ్మంతారేటి?”

పెద్ద శాస్త్రవేత్త కాగితం మీద ‘గుడ్డ దొరకలేదు’ అని రాసి, ఆమెకు చేతులు జోడించారు.

నేను తలెత్తలేకపోయాను. ఆ పాప నా బడిలోనే రెండో తరగతి చదివేది. వారం రోజులుగా రాకపోయినా, ఎందుకని నేను అడగనేలేదు.