సస్తే ఏమీ రాని బీమా

బడి నేను ఏడో తరగతిలో మానేశానని అందరికీ చెబుతుంటాను. నిజానికి బడి నన్ను ఐదులోనే మానేసింది. మిగతా రెండేళ్లు నేనే సిగ్గులేకుండా పోయి కూర్చున్నాను. అలాంటి నాకు 2011లో పెద్ద పెద్ద డాక్టర్ల కంటే పెద్ద గొంతు ఉండేది. అది చదువుతో వచ్చింది కాదు, బండి మీద కట్టిన మైకుతో వచ్చింది.

అప్పట్లో జనగామలో ఉంటూ వరంగల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి క్యాంపు బండి నడిపేవాణ్ణి. ఇప్పటిలా జిల్లాలు విడిపోలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాయే. ఒక వారం కొడకండ్ల, ఒక వారం మరిపెడ, ఇంకో వారం భూపాలపల్లి అవతల అడవి పల్లెలు. ముందురోజు ఊరూరా తిరిగి మైకులో చాటడం, క్యాంపు రోజు డాక్టర్లను దించడం, జబ్బు తేలిన వాళ్లను ఆసుపత్రికి తేవడం నా పని. జీతం మాత్రం స్టీరింగుకే ఇచ్చేవాళ్లు, నోటికి ఏమీ ఇవ్వలేదు.

ఆ క్యాంపులు ఎందుకో చెప్పాలి. ఆరోగ్య బీమా కావాలంటే ఏటా ప్రీమియం కట్టాలి. రోజుకూలి మీద నడిచే ఇల్లు అది ఎక్కడ కడుతుంది? అందుకని తెల్లకార్డు ఉన్న కుటుంబాల తరఫున ఆ ప్రీమియం సర్కారు భరించేది. పెద్ద జబ్బు వస్తే ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో, అంటే నెట్‌వర్క్ హాస్పిటల్‌లో, ఆపరేషన్ ఉచితం. కానీ ముందు ప్రీ-ఆథ్ రావాలి. మన డాక్టర్లు పంపిన పరీక్షలను హైదరాబాదులో ఇంకో డాక్టర్ల జట్టు చూసి, సరే చేయండి అని ఇచ్చే అనుమతి అది. అది రాగానే నన్ను పంపేవాళ్లు, పోయి మనిషిని తీసుకురా అని.

కమ్లిని మొదట చూసింది మరిపెడ క్యాంపులో. దగ్గరలోని లంబాడీ తండా ఆమెది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి. పత్తి చేన్లో కలుపు తీస్తూ తీస్తూ చాళ్ల మధ్యనే కూలబడిపోతోందని భర్త రవి తీసుకొచ్చాడు. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. ఆమె అంతసేపు విన్నదంటే లోపల ఏదో బాగాలేదని నాకు కూడా తెలుసు. వరంగల్ తీసుకొచ్చి ఎకో, అంటే గుండె కొట్టుకోవడాన్ని తెర మీద చూసే పరీక్ష, చేశారు. గుండెలో ఒక కవాటం ముడుచుకుపోయింది. "తలుపు తెరుచుకోవడం లేదు, నెత్తురు వెనక్కి తంతోంది. ఊపిరితిత్తుల్లో నీరు నిండితే మనం చేయగలిగింది ఉండదు" అంది డాక్టరమ్మ. ప్రీ-ఆథ్ రావడానికి కొన్నాళ్లు పడుతుందని కమ్లిని ఇంటికి పంపారు.

అది వచ్చేసరికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో, ఆఫీసులు తాళాల్లో, జనమంతా రోడ్ల మీద. ఏ చౌరస్తా చూసినా వంటావార్పే. రోడ్డు నడుమ పొయ్యి పెట్టి, ఊరంతా తెచ్చిన బియ్యం ఒకే గుండిగలో వండి, అక్కడే తిని, అక్కడే కూర్చునేవాళ్లు. రవి ఫోను కలవలేదు. ఆపరేషన్‌కు రోజు ఖాయమైపోయింది. "నువ్వయితే మాటలతో దారి చేసుకుంటవు, పో" అని నన్ను తోలారు.

ప్రీ-ఆథ్ వచ్చిన ఊరికి పోతే నాదొక పద్ధతి ఉండేది. పగటిపూట ఇళ్లల్లో ఎవరుంటారు, అందరూ చేన్లలోనే. అందుకని ఊరి మొదట్లోనే మైకు అందుకునేవాణ్ణి. ఆ రోజు కమ్లి తండా మొదట్లోనూ అందుకున్నాను.

"కమ్లికి బీమా మంజూరైంది! సర్కారు బీమా మంజూరైంది! ఇంటోళ్లు జల్ది రావాలె!"

వేరే ఊళ్లలో ఈ మాటకు జనం నవ్వుతూ ఉరికొచ్చేవాళ్లు. ఇక్కడ మొదటి గుడిసె ముందు పత్తి ఎండబోస్తున్న ముసలమ్మ ఉన్నచోటనే కూలబడి ఏడుపు పాట ఎత్తుకుంది. ఇంకొకామె వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి గొంతు కలిపింది. తండాలో ఎవరో పోయినట్టున్నారని మైకు కట్టేసి దిగాను.

"ఎవలు పోయిన్రవ్వా?" అన్నాను మెల్లగా.

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వే చెప్తివి గద. కమ్లి."

తలెత్తి చూస్తే కమ్లి తన గుమ్మంలో దర్వాజా పట్టుకుని నిలబడి ఉంది. ఆయాసపడుతూ, తన కోసం ఎవరెవరు ఏడుస్తున్నారో చూస్తోంది.

ఆమె ముందు ఇంకో మనిషి నిలబడింది. కమ్లి తల్లి చాంది. తండాలో తల్లిని యాడి అంటారు. నేనూ యాడీ అనే పిలిచాను.

"మా పిల్ల రాదు. బండి మలుపుకో" అంది.

రవి నన్ను పక్కకు తీసుకుపోయి సంగతి చెప్పాడు. కొన్నేళ్ల కిందట చాంది భర్త బావి మోటరు దగ్గర కరెంటు షాకు కొట్టి పోయాడట. ఎవరో ఏజెంటు కట్టించిన పాలసీ ఒకటి ఉంది. కొన్నాళ్లకు సంచి పట్టుకుని ఒకాయన బండి మీద వచ్చి, తండా అందరూ వినేలా "బీమా మంజూరైంది" అన్నాడట. ఆ తండాకు ఆ మాట రావడం అదే మొదలు. తర్వాత మరిది ఒకడు నవ్వుతూ, "అన్న పోతే పోయిండు గని వదిన గుడిసె మీదికి రేకులొచ్చినై" అన్నాడు. చాంది ఆ రేకుల కింద ఒక్క రాత్రి కూడా పడుకోలేదట. వాకిట్లోనే మంచం.

నాకు ఇబ్బంది వచ్చినప్పుడు జోకు వేయడం అలవాటు. "యాడీ, నా మొకం జూడు. యముడు గిట్లుంటడా? ఆయనకు దున్నపోతన్న ఉన్నది, నాకు ఈ డొక్కు బండే దిక్కు."

ఎవరూ నవ్వలేదు.

"యముడైతే అడగకుంట తీస్కపోతడు" అంది చాంది. "నువ్వు అడుగుతున్నవు. అందుకే పొమ్మంటున్న."

"గది కాదు యాడీ. సర్కారే ముందుగల్ల పైసలు కట్టింది..."

"గదే నేననేది. సర్కారు ఊకెనే కడతదా? పిల్ల సస్తదని ఎరికైంది. ఎరికయ్యే బీమా కట్టిన్రు."

ప్రీమియం, నెట్‌వర్క్, ప్రీ-ఆథ్ అని నాకొచ్చినవన్నీ చెప్పాను. ఆమె ముఖం మీద ఒక్క గీత కదల్లేదు. ఇంతలో కమ్లికి దగ్గు తెర వచ్చింది. అది ఆగక గడపలోనే కూర్చుండిపోయింది. చిన్నపిల్ల వచ్చి ఒళ్లోకి ఎక్కబోతే ఎత్తుకోలేక పక్కన కూర్చోబెట్టుకుంది. ఏమంటున్నానో ఆలోచించకుండానే అనేశాను.

"యాడీ, గీ బీమా గా బీమా కాదు. నీ బిడ్డ సస్తే ఒక్క రూపాయి రాదు. బతికిచ్చెటందుకే ఇస్తరు. సస్తే ఏం రాదు!"

చాంది నా వైపు తిరిగింది. "ఏమన్నవు?"

"సస్తే ఏం రాదన్న."

"అల్లునికి?"

"రాదు."

"వాళ్ల ఇంటోళ్లకు?"

"రాదు."

"నాకు?"

"నీకు గూడ రాదు."

అది వస్తుంది, ఇది వస్తుంది అని మైకులో ఎన్ని ఊళ్లలో అరిచానో. నమ్మినవాళ్లు తక్కువ. ఏమీ రాదు అని చెప్తే ఒక మనిషి ముఖం తేటపడటం చూసింది అక్కడే.

"అయితే మైకుల చెప్పు" అంది.

"ఏందీ?"

"ఇందాక మంజూరైందని మైకులనే గద ఒర్రినవు? గిది గూడ మైకుల చెప్పు. తండా అంత ఇనాలె."

నేను రవి వైపు చూశాను. అల్లునికి రాదా అని అందరి ముందు అడిగిన మాట చెంపదెబ్బ లాంటిదే. అయినా అతనే బండిలోని మైకు తీసి నా చేతికిచ్చాడు. "చెప్పన్నా. గట్టిగ చెప్పు. మా అత్త గిన్నేండ్ల సంది బయట పంటున్నది. గిప్పుడన్న లోపల పండని" అన్నాడు.

మైకు పట్టుకున్నాను. "తండా పెద్దలకు, అన్నలకు, అక్కలకు తెలియజేయునది ఏమనగా... కమ్లి సస్తే ఎవ్వలకు ఏం రాదు. మల్ల చెప్తున్న. ఎవ్వలకు ఏం రాదు. కమ్లి బతకాలె, గంతే."

గడపలో కూర్చున్న కమ్లి ఆయాసంలోనే ఫక్కున నవ్వింది. చాంది లోపలికి పోయి కూతురి బట్టలు మూటగట్టింది. పిల్లలను మేనత్త తీసుకుంది, రవి మాతో బండి ఎక్కాడు.

తొర్రూరు దారిలో చౌరస్తా దగ్గర ఆగిపోయాం. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, నడుమ పెద్ద గుండిగలో అన్నం కుతకుత ఉడుకుతోంది. "ఇయ్యాల చిన్న బండి గూడ పోదన్నా, మలుపు" అన్నారు పిల్లగాళ్లు. నేను నోరు తెరిచేలోపే చాంది కిటికీలోంచి తల బయటపెట్టి, "నా బిడ్డకు గుండె ఆపరేషన్ నాయినా" అంది. వాళ్లు లోపలికి తొంగి కమ్లిని చూశారు. చేతులకు తువ్వాళ్లు చుట్టుకుని, ఉడుకుతున్న గుండిగను అలాగే ఎత్తి పక్కన పెట్టారు. ఇంకొందరు నిప్పులు జరిపారు. వంటదగ్గరి అక్క ఒకామె విస్తరిలో అన్నం, పప్పు కట్టి చాంది చేతిలో పెట్టింది.

"మేం బియ్యం ఇయ్యలేదు బిడ్డా" అంది చాంది.

"ఇచ్చినోళ్లే తినాల్నని ఏమన్న ఉన్నదా అవ్వా? ఆకలైతె తిను."

ఇదే యాడీ బీమా అంటే, అని చెప్పాలని నా నోటి దాకా వచ్చింది. అద్దంలో చూస్తే ఆమె కూతురికి ముద్దలు పెడుతోంది. నోరు మూసుకుని బండి పోనిచ్చాను. అది నాకు చాలా అరుదు.

ఆపరేషన్‌కు ముందు డాక్టరు దాచకుండా చెప్పాడు, బతకకపోయే ప్రమాదమూ ఉందని. ఒప్పుకోలు కాగితం మీద కమ్లి, రవి వేలిముద్రలు వేశారు. సాక్షిగా తల్లి వేయాలి. చాంది వేలు గాల్లోనే ఆపి, డాక్టరును వదిలేసి నన్ను అడిగింది: "ఏం రాదన్నవు గద?"

"రాదు యాడీ."

అప్పుడు వేసింది.

లోపల కమ్లికి ఆపరేషన్ జరుగుతుండగానే, భూపాలపల్లి వైపు నుంచి నా బండిలోనే వచ్చిన ఒక పెద్దాయన అదే ఆసుపత్రిలో పోయాడు. ఆయనా ఆ పథకం కిందే వచ్చాడు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. తోడు వచ్చింది భార్య ఒక్కతే. సమ్మె వల్ల కొడుకులు ఇంకా దారిలోనే ఉన్నారు. చాంది తన కూతురి సంగతి ఏమవుతుందో తెలియకుండానే పోయి ఆ ఆడమనిషి పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. కొడుకులు వచ్చారు, శవాన్ని బండి ఎక్కించారు. సంచి పట్టుకుని ఎవరూ రాలేదు. మంజూరైందని ఎవరూ అనలేదు. బండి గేటు దాటేదాకా చూసి చాంది నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు అబద్ధం చెప్పలే" అంది.

నా బతుకులో నాకు దొరికిన మెప్పులు తక్కువ. ఇంత బరువైన మెప్పు మాత్రం మళ్లీ దొరకలేదు, దొరకొద్దు కూడా.

కమ్లి బతికింది. సమ్మె ముగిసి బస్సులు తిరుగుతున్నప్పుడు తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి పోయింది. ఆ తర్వాత నేను బండి నడిపినంత కాలం మైకులో బీమా అనే మాట వాడలేదు. "ఖర్చు సర్కారుది, పాణం మీది" అని చాటేవాణ్ణి. ఒక మాటను ఊళ్లోకి తీసుకుపోయే ముందు, ఆ మాట ఇంతకుముందు ఆ ఊరికి ఏ పని మీద వచ్చిందో కనుక్కోవాలి. ఐదులో బడి వదిలేసిన నాకు ఆ తండా చెప్పిన పాఠం ఇదే.

రాష్ట్రం వచ్చాక, జిల్లాలు విడిపోయాక, నేను సొంత ఆటో కొనుక్కున్నాక ఒకసారి మరిపెడ వైపు పోయి ఆ తండాకు మళ్లాను. చాంది రేకుల కింద, ఇంటి లోపల, కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. కమ్లి చేనుకు పోయిందట. చాయ్ ఇచ్చింది. మాటల్లో నేను గొప్పకు పోయాను.

"యాడీ, ఈ యేడు నేను గూడ నా మీద పాలసీ కట్టిన. నాకేమన్నయితే నా పెండ్లానికి మస్తు పైసలొస్తయి."

చాంది చేతిలోని మిరపకాయ పక్కన పెట్టి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది:

"మైకుల చెప్పకు కొడుకా. నీ పెండ్లాం ఇంటది."