అమావాస్య మాత్రలు

పావనిది పెనుకొండ. రోజూ పొద్దున రైలెక్కి ధర్మవరం వచ్చి, నేతవాళ్ళ వీధి మలుపులోని మందుల షాపులో నిలబడుతుంది. ఫార్మసీ చదివిన మనిషికి ఆ షాపులో కుర్చీ లేదు. బీపీ మిషను మాత్రం ఆమె సొంతం. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పట్టీ చుట్టి చూస్తుంది. ఓనరు రఘునాథ్‌కు అది కాలయాపన.

ఆమెకు అంతుపట్టని మనిషి ఓబుళప్ప. పట్టుచీరలు నేస్తాడు. మాత్రలు తీసుకుపోతాడు, రోజూ మింగుతాండానంటాడు, బీపీ మాత్రం దిగదు. పోయిన వారం డాక్టరు మోతాదు రెట్టింపు చేశాడు. ఆ మాత్రలు ఇచ్చింది పావనే.

ఆ పొద్దున ఓబుళప్ప భార్య లక్ష్మీదేవమ్మ వచ్చింది.

"కళ్ళు తిరిగేదానికి ఏమన్నా మాత్రియ్యి పాపా."

"ఎవరికి చిన్నమ్మా?"

"మా ఆయప్పకే. ఇంకా తిరగలేదులే. సాయంత్రానికి తిరుగుతాయి."

పావని చెయ్యి ఆగింది. "ముందే ఎట్ల తెలుసు?"

"ఈ పొద్దు అమావాస్య గదా. ప్రతి అమావాస్యకూ గాలి తగిలి పడిపోతాడు. దారం గూడా కట్టిచ్చినాం."

"మిగతా దినాలు?"

"మగ్గంలో ఉంటాడు, బాగుంటాడు. మగ్గం ఆడనిది ఈ ఒక్కదినమే. మాత్రలన్నీ ఈపొద్దే మింగేది."

"అన్నీ అంటే?"

"గుప్పెడు."

ఈసారి గుప్పెట్లోకి వచ్చేవి రెట్టింపు మోతాదువి. పావని ఆయనకు ఫోను చేయమంది. ఓబుళప్ప ఎత్తలేదు. మిషను సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

"యాడికి పోతాండావు? కౌంటరు ఎవరు చూస్తారు?" అన్నాడు రఘునాథ్.

"నువ్వే చూడన్నా."

ఆ ఉద్యోగం సాయంత్రానికి ఉంటుందో లేదో ఆమెకు తెలియదు. అప్పుడు ఆలోచించే తీరికా లేదు. లక్ష్మీదేవమ్మ వెనకబడింది, పావని ఆగలేదు.

ఓబుళప్ప తలస్నానం చేసి, మగ్గానికి ఊదుబత్తి వెలిగించి, నేసేటప్పుడు కాళ్ళు దించే గుంత అంచున కూర్చున్నాడు. ఒక చేతిలో చెంబు. రెండో చెయ్యి మూసి ఉంది.

"చిన్నాయనా, మింగినావా?"

"ఒకటి పోయింది లోపలికి. ఏంటికి?"

"మిగతావి నాకియ్యి."

"దుడ్లు పెట్టి కొన్నవి పాపా." పిడికిలి ఇంకా బిగుసుకుంది.

పావని ఎదురుగా నేలమీద కూర్చుంది. "రోజుకొకటి ఎందుకు మింగవు?"

అతను భార్య రాలేదని గుమ్మం వైపు చూసుకుని, గొంతు తగ్గించాడు. "అది మింగితే ఊరికే ఒంటికి పోవల్ల. ఈ గుంతలోంచి కాళ్ళు లాక్కోని లేచేది, మళ్ళీ దిగేది. దిగినాక చెయ్యి కుదరదు, దారం మీద కొట్టే దెబ్బ మారుతాది. చీరలో అడ్డంగా గీత పడుతాది. గీత పడిన చీరని షావుకారు మొగం మీద కొడతాడు. దినానికి ఎన్ని గీతలు పెట్టుకోమంటావు?"

"డాక్టరుకు చెప్పినావా?"

"ఆయప్ప తలెత్తితే గదా చెప్పేది."

పావని అయితే తలెత్తేది, పట్టీ చుట్టేది, అంకె చూసేది. మగ్గం ఎప్పుడు ఆగుతుందని ఆమె కూడా అడగలేదు. గుంతలో కూర్చునే మనిషికి నీళ్ళు పోయించే మాత్ర రాశారు, అంకె దిగకపోతే ఇంకా ఎక్కువ రాశారు.

"నువ్వు పడేది గాలి తగిలి కాదు చిన్నాయనా. ఈ గుప్పెడు మింగే. ఈసారివి పెద్దవి. పడితే లేవవు."

ఓబుళప్ప చెంబు కింద పెట్టాడు. పిడికిలి విప్పాడు. వారంగా మింగని ఐదు మాత్రలు చెమటకు అరచేతికి అతుక్కుని ఉన్నాయి. పావని ఒక్కొక్కటే ఒలిచి తీసుకుంది.

అక్కడినుంచే డాక్టరుకు ఫోను చేసింది. ఆయన విని, ఈ రోజుకు ఇంకేమీ మింగవద్దన్నాడు, నీళ్ళు పోయించని మాత్ర చెప్పాడు, పొద్దున రమ్మన్నాడు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఇన్ని అమావాస్యలుగా ఎవరి దగ్గరా లేవు.

మధ్యాహ్నం దాకా పావని అక్కడే కూర్చుని, పట్టీ చుడుతూ విప్పుతూ ఉంది. షాపుకు పోతే రఘునాథ్ ఆ పూట జీతం కోస్తానన్నాడు. కోశాడు కూడా.

మరుసటి అమావాస్య సాయంత్రం పావని రైలు వదిలేసి ఆ వీధిలోకి వచ్చింది. ఓబుళప్ప మెట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"ఏం పాపా, పడతానని చూడ్డానికొచ్చినావా?"

"బీడీ పారెయ్యి ముందు," అని పావని సంచిలోంచి మిషను తీసింది.