కారు లేని ఉదయం
అమెరికాలో, బెంటన్‌విల్‌లో నేనూ నా స్నేహితుడూ ఒకే ప్రాజెక్టులో పనిచేసేవాళ్లం, ఒకే అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లం. నాకు కారు లేదు. ఆఫీసుకి వాడితోనే వెళ్లేవాణ్ణి. సెలవుల్లో థాయ్‌లాండ్ ఉత్తరాన కొండ ఊళ్లు తిరుగుదామనుకున్నప్పుడు కూడా అద్దె కారు వాడి పేరు మీదే తీసుకున్నాం. అక్కడి సిమ్ కూడా వాడి ఫోన్‌లోనే వేయించాం. ఇద్దరికీ ఒకటి చాలనుకున్నాం.

మూడో రోజు సాయంత్రం పెట్రోల్ బంకు దగ్గర వాడికి మెసేజ్ వచ్చింది. ఏమిటని అడిగితే ఏం లేదన్నాడు.

ఆ రాత్రి ఒక కొండ ఊళ్లో, ఒకావిడ ఇంట్లో గది తీసుకుని దిగాం. అక్కడ సిగ్నల్ లేదు. తెల్లారి లేచేసరికి పక్క మంచం ఖాళీ, గుమ్మం ముందు కారు లేదు. తలనొప్పి మాత్రల కోసం టౌన్‌కి వెళ్తున్నానని, గంటలో వస్తానని కాగితం మీద రాసి పెట్టాడు. మధ్యాహ్నం దాకా మెట్ల మీదే కూర్చున్నాను. చివరికి ఇంటావిడ నాకు అన్నం పెట్టి, రోడ్డు వైపు చూపించింది.

కాసేపటికి, వెనక రెండు బెంచీలు బిగించిన పికప్ ట్రక్కు వచ్చింది. అక్కడ అదే బస్సు. ఒక పెద్దావిడ తన మూట ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది. దిగాలంటే పైకప్పుకున్న మీట నొక్కాలని, డబ్బు దిగాక డ్రైవర్ కిటికీ దగ్గర ఇవ్వాలని సైగలతో చెప్పింది. టౌన్‌లో నా చొక్కా చెయ్యి పట్టుకుని సిటీకి వెళ్లే బస్సు దాకా నడిపించింది. దారి పొడుగునా నేను లోయల్లోకి తొంగి చూస్తూనే ఉన్నాను, మా తెల్ల కారు ఎక్కడైనా పడిపోయిందేమోనని.

కారు సిటీలో మేం మొదట దిగిన హోటల్ ముందే ఉంది. వాడు లోపల కాఫీ తాగుతున్నాడు. కారు ట్రబుల్ ఇచ్చిందని, కొండెక్కే ధైర్యం చాలలేదని చెప్పాడు. నమ్మాను. బతికున్నాడని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను.

తిరిగొచ్చిన వారం మేనేజర్ మాటల్లో అసలు సంగతి తెలిసింది. టీమ్ లీడ్ ఎవరో తేల్చడానికి, వాడు కారు తీసుకుపోయిన ఆ ఉదయమే ఇద్దరినీ కాల్‌లోకి రమ్మన్నారట. నా ఫోన్ కలవక, నాకూ చెప్పమని వాడికి మెసేజ్ పెట్టారట. నేను ఒక్కణ్ణే ఎటో వెళ్లిపోయానని, ఎక్కడున్నానో తెలీదని వాడు చెప్పాడట. లీడ్ వాడికే ఇచ్చారు.

ఆ సాయంత్రం వాడు వంటింట్లో పప్పు కలుపుతుంటే అడిగాను.

"ముందు రోజే చెప్పుంటే నేనూ వచ్చేవాణ్ణి కదరా."

"వస్తే నీకే ఇచ్చేవాళ్లు," అన్నాడు నా వైపు తిరక్కుండానే. "నా హెచ్-వన్ వీసా పొడిగింపు ఈ పోస్టు మీదే ఉందని నీకు తెలుసుగా."

"నీ కోసం లోయలన్నీ చూసుకుంటూ వచ్చాన్రా."

వాడు స్టవ్ ఆపేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

నెలాఖరుకి వేరే చోటికి మారిపోయాను. కారు కొనేదాకా ఫుట్‌పాత్ లేని రోడ్డు పక్కన, గడ్డిలో నడిచి ఆఫీసుకి వెళ్లాను. మొదటి రోజు వాడు నన్ను చూసి స్లో చేసి, అద్దం దించాడు. నేను తల తిప్పలేదు. మర్నాటి నుంచి వాడూ ఆగలేదు.