ఎనిమిది వెడల్పు, ఆరు ఎత్తు

బేతంచెర్లలో నా ఫొటో స్టూడియోకు వచ్చిన బట్టతల మనిషి ఎవడూ బట్టతలతో బయటికి పోలేదని చెప్పుకుంటుంటాను. ఒక పెళ్లికొడుక్కి ఫొటోలో నేను పెట్టిన జుట్టు చూసి, అత్తగారివాళ్లు ఫొటోలోని మనిషే కావాలని, వచ్చినవాణ్ణి గడపలోంచే వెనక్కి పంపారని కూడా చెబుతాను. నమ్మేవాళ్లు నమ్ముతారు. నమ్మనివాళ్లు నవ్వి, టీ తాగి పోతారు.

ఆ మధ్యాహ్నం వచ్చిన ఇద్దరూ టీ తాగేలా లేరు. క్వారీలో లారీకి ఎత్తుతుండగా బండ జారి చనిపోయిన కూలీకి ఒకరు భార్య, ఒకరు అన్న. అతని కుడిచెయ్యి బండ కింద నుజ్జయిపోయింది. దొరికినంత ఏరి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టి పూడ్చారని ఊరందరికీ తెలుసు. మరునాడే దినం. సమాధి మీద నిలబెట్టే పాలిషు బండలో ఫొటో కోసం తోటి కూలీలే గుంట తొలిచారు. అందులో ఫొటో అతికించి, పైన అద్దం బిగించాలి.

కొలత విని ఆశ్చర్యపోయాను. "ఏమప్పా, ఎనిమిది అంగుళాలు వెడల్పు, ఆరు ఎత్తా? మనిషి బొమ్మ నిలువుగా గదా ఉండాల్సింది?"

"వాళ్లు బండలు కోసేటోళ్లు. పొడుగు వైపు పండబెట్టే కోస్తారు. దీన్నీ అట్లనే తొలిచేసినారు," అన్నాడు అన్న. "మళ్లీ చెయ్యి పెడితే పగుల్తాదంట."

ఉన్నది ఒకే ఫొటో. తిరునాలలో ఎవరో సెల్లులో తీసింది. అతను, పక్కన ఆమె. అతని కుడిచెయ్యి ఆమె భుజం మీద.

కంప్యూటర్లో ఎనిమిది, ఆరు అని కొట్టాను. అదే కొలతకు తెర మీద గీతల చట్రం వచ్చింది. అది మొండిది. ఒక మూల పట్టి లాగితే నాలుగు వైపులూ పెరుగుతాయే గానీ ఎనిమిదికి ఆరు లెక్క మాత్రం తప్పదు. దాన్ని అతనొక్కడి మీదికి జరిపాను. ముఖం బాగా కుదిరింది. చెయ్యి మణికట్టు దగ్గర తెగింది.

"చెయ్యి యాడ అన్నా?" అని నన్ను అడిగిందామె.

"అవతల ఉండాదమ్మా. అది రావాలంటే నువ్వూ వస్తావు."

"బొమ్మలో గూడా చెయ్యి లేకుండా చేస్తారా ఆయన్ని?"

చట్రాన్ని పక్కకు జరిపాను. నిలువు గుంట అయ్యుంటే ఆ చేతికి చోటే ఉండేది కాదు. కూలీల పొరపాటు పుణ్యమా అని వేళ్లు లోపలికి వచ్చాయి. వాటితో పాటు ఆమె చెవి, కమ్మ, సగం చెంప కూడా వచ్చాయి.

అన్న లేచి నిలబడ్డాడు. "వద్దప్పా. బతికుండే మనిషి మొగానికి రేపు దండ ఏస్తామా? ఆయమ్మకు ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్పేది?"

అతన్ని తప్పుపట్టలేను. మా వైపు దండ పడే పటంలో బతికున్నవాళ్లు ఉండకూడదు. అయినా నా నోరు ఊరుకోలేదు. "మంగంపేటలో ఒకాయన సమాధి మీద పెండ్లాం మొగం గూడా పెట్టిచ్చినారప్పా. ఆమె ఇప్పటికీ పూటకు మూడు రొట్టెలు తిని, కోడండ్లను తరుముతాంది."

"మంగంపేటలో యాడ?" అన్నాడు అన్న.

నేను చట్రాన్ని ఊరికే అటూ ఇటూ జరిపాను.

"ఈ పొద్దు కతలొద్దు అన్నా," అందామె, తెర మీంచి చూపు తిప్పకుండా. "నా మొగం తుడిచెయ్. బుజం ఉండనీ. చెయ్యి దేనిమీదన్నా ఆనాల గదా."

వాళ్ల వెనకున్న ఆకాశాన్ని కొంచెం కొంచెంగా తీసి ఆమె ముఖం మీద పూశాను. చెంప పోయింది. కమ్మ పోయింది. చెవి పోయింది. ఎందరి ముఖాల మీదో మచ్చలు తుడిచాను గానీ, పక్కన కూర్చుని చూస్తున్న మనిషినే తుడవడం అదే మొదలు. అన్న గడప దగ్గరికి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. చివరికి తల లేని భుజం ఒకటి, దాని మీద అతని వేళ్లు మిగిలాయి.

ప్రింటు తీసి, అంచులు కోసి ఇచ్చాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లను ఒక్కొక్కటే తడిమింది.

"నాలుగే ఉండాయే. బొటనేలు?"

"అది నీ బుజానికి ఎనకపక్క ఉండాదమ్మా. కనపడదు."

నేను చెప్పింది నిజమే. అయినా మంగంపేట కత విన్న మనిషి గదా, ఆమె ప్రింటును తిప్పి వెనకపక్క చూసింది.