పచ్చదీపం వెలిగాక

విజయనగరంలోని ఆ నర్సింగ్‌హోమ్ ఆపరేషన్ థియేటర్లో సహాయకుడిగా పనిచేసే సత్యం కొత్త మత్తు మిషను వంక సవతిని చూసినట్టు చూస్తాడు. పాత మిషను ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే గొట్టాల అతుకులకి నున్నగా గీసుకున్న చెంప ఆనించి, గాలి ఎక్కడ లీకవుతోందో పట్టేవాడు. కొత్తది మీట నొక్కితే తనని తానే పరీక్షించుకుని పచ్చదీపం వెలిగిస్తుంది. "ఇంక నీ చెంపకి సెలవు," అని మత్తు డాక్టరు నరసింగరావు నవ్వినప్పటినుంచి సత్యానికి అన్నం సయించడం లేదు. అయినా అలవాటు మానలేదు. పచ్చదీపం వెలిగాక, ఎవరూ చూడకుండా, రోగికి గాలి నొక్కి పంపే ఊపిరి సంచీ ఊడదీసి, చెంపకి ఆనించి చూసి, మళ్లీ తగిలిస్తాడు.

ఒకరోజు ఆపరేషన్‌కొచ్చి బల్ల మీద పడుకున్న జగ్గమ్మ, "బాబూ, మళ్లీ లెగుస్తానేటి?" అని సత్యం చెయ్యి పట్టుకుంది. "నానున్నాను కదమ్మా," అన్నాడు. డాక్టరు ఆమె ముక్కు మీద మాస్కు పెట్టగానే మిషను కీచుకీచుమంది. గాలి లీకవుతోంది! సత్యం మొహం వెలిగిపోయింది. "సూసారా డాక్టరు బాబూ! దీన్ని నమ్మొద్దని నాను సెప్తన్నానా లేదా?" డాక్టరు తడిమి చూశాడు. సంచీ సగమే బిగించి ఉంది. నొక్కి బిగించగానే కూత ఆగింది. "పరీక్షయ్యాక దీన్నెవరు ఊడదీశారు?" సత్యం చెయ్యి తన చెంప మీదికి పోయింది. "మత్తెక్కకముందే చెప్పావు, బంగారం," అంటూ డాక్టరు మిషను భుజం తట్టాడు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి సత్యం భుజం మీద ఒక్కసారీ పడలేదు. జగ్గమ్మ క్షేమంగా లేచి వెళ్లాక, సత్యం స్పిరిట్ దూదితో మిషనంతా తుడిచాడు. డాక్టరు తట్టిన చోటు మాత్రం అరిగిపోయేలా తుడిచాడు.