చెత్త మిగలని ఆదివారం

వంద మంది చూస్తుండగా, చప్పట్ల మధ్య, తన కొంప తానే కత్తితో సన్నగా తరుక్కునే భాగ్యం అందరికీ దొరకదు. నాకు దొరికింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. తెలివి మాత్రం అంతకు రెట్టింపు వయసుకు సరిపడా ఉందని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదని తెలుసుకోవడానికి ఒకే ఒక్క ఆదివారం పట్టింది. ఆ ఘోరం చెబుతాను, తీరిగ్గా వినండి.

నిజామాబాద్ ఊరి అంచున ఒక తోట ఉంది. గేటు మీద వృక్షోద్యానం అని రాసి ఉంటుంది. ఆటోవాళ్లకు ఆ మాట చెబితే మనల్ని ఎగాదిగా చూస్తారు. మొక్కల తోట అంటే మాత్రం వెంటనే బండి తిప్పుతారు. ఓ ఏప్రిల్‌లో నేను అక్కడ కార్యక్రమాల బాధ్యురాలిగా చేరాను. బడి పిల్లలకు చెట్లు చూపించడం, ఊళ్లోవాళ్లకు వంటింటి చెత్తతో ఎరువు చేసుకోవడం నేర్పడం, నెలకోసారి జనాన్ని తోటకు పిలవడం నా పని. తోటను అసలు నడిపేది మాత్రం పెద్ద మాలి ఖాసిం చాచా. ఆఫీసు గదిలో ఆఫీసరు ఉన్నా, చెట్లు మాట వినేది చాచాదే.

చేరిన నెలకే నేను ఒక పండుగ తలపెట్టాను. దానికి 'చెత్త లేని ఆదివారం' అని పేరు కూడా పెట్టాను. వచ్చేవాళ్లు ఎవరి పళ్లెం, ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ గేటు దాటి లోపలికి రాకూడదు. ఫ్లెక్సీకి బదులు మా ఇంటి పాత దుప్పటి మీద 'పళ్లెంలో ఏదీ వదలొద్దు, తోటలో ఏదీ వృథా చేయొద్దు' అని రంగుతో రాశాను. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి. నన్ను ముంచింది అదే.

సరిగ్గా ఆ పండుగ వారంలోనే చాచా చెల్లెలి కూతురికి నాందేడ్‌లో పెళ్లి వచ్చింది. వెళ్లే ముందు నన్ను పిలిచాడు.

"బేటీ, నాలుగు దినాలు నేనుండ. మొక్కలకు నీళ్లు పోయించు. ఇంకేం ముట్టకు. మిగిలింది నేనొచ్చినంక చూసుకుందం."

"మీరు ఫికర్ చెయ్యకుర్రి చాచా. అన్నీ నేను చూసుకుంట."

"నా ఫికర్ గదే బేటీ," అని చాచా సంచీ భుజానికి వేసుకున్నాడు.

డిగ్రీ చదివిన మనిషితో ఇంకేం ముట్టకు అంటాడా అని నాకు రోషం వచ్చింది. వృక్షశాస్త్రం, అందులోనూ ఫస్టు క్లాసు. సరే, చాచా బస్సు ఊరు దాటగానే నేను తోటంతా తిరిగి, ఎరువు గుంత తవ్వడానికి మంచి చోటు వెతికాను. వెనక గోడ పక్కన ఒక మడి కనిపించింది. పచ్చటి ఆకు ఒక్కటి లేదు. ఎండిపోయిన ఆకులు నేల మీద అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. పేరు రాసిన రేకు ముక్క కూడా లేదు. తోటలోని రేకులన్నీ చాచా పీకి, కొత్తగా రంగు వేయడానికి షెడ్డులో పేర్చాడు. అది నేను నా కళ్లతో చూశాను. చూడటం వేరు, బుర్ర వాడటం వేరు.

"ఎంత మంచి ఖాళీ జాగ," అని ఇద్దరు కూలీలను పెట్టి తవ్వించాను.

మూడో గడ్డపార పోటుకే దుంపలు బయటపడ్డాయి. గుత్తులు గుత్తులుగా, గంపల కొద్దీ. విరిచి చూస్తే కొన్ని ముదురు పసుపు, కొన్ని లేత పసుపు, కొన్ని తెల్లన. కొన్నిటికి అచ్చం పచ్చి మామిడికాయ వాసన. నాలుగు మాత్రం లోపల నీలంగా ఉన్నాయి.

మీకు అనుమానం రావాలి. పసుపుకు పేరుపడ్డ జిల్లాలో పుట్టిన పిల్లకు, పసుపు మొక్క ఎండాకాలం పైన ఎండిపోయి నేల కింద నిద్రపోతుందని తెలియదా అని. ఎందుకు తెలియదు, పరీక్షలో రాశాను కూడా. కానీ మాది బోధన్ పక్కన చెరుకు పండించే ఊరు. చెరుకు మనిషికంటే ఎత్తుగా నిలబడి నేనిక్కడ ఉన్నానని చెబుతుంది. నేల కింద దాక్కునే పంటలంటే మా ఇంట్లో అందరికీ కాస్త చిన్నచూపు. అందుకని, ఇది ఎప్పుడో ఎవరో వేసి, తవ్వకుండా మరిచిపోయిన పసుపు అని తీర్పు చెప్పేశాను.

గేటు ముందు టీ బండి పెట్టుకునే సాయవ్వ ఆదివారం వంటకు ఒప్పుకుంది. గంపలు చూసి ఆమె ముక్కు మీద వేలేసుకుంది.

"బిడ్డా, గిన్ని తీర్ల దుంపలు ఒక్క జాగల ఎట్లుంటయి? ఒక్కపారి చాచాకు ఫోన్ చేసి అడుగరాదు."

"పెండ్లిల ఉన్న మనిషిని పసుపు సంగతి అడుగుతరా అవ్వా?"

"పెండ్లిల అడుగకపోతే పసుపు సంగతి ఇంకెప్పుడడుగుతరు?"

నేను జవాబుగా దుప్పటి మీది రాతను చూపించాను. తోటలో ఏదీ వృథా చేయొద్దు. సాయవ్వకు చదువు రాదు కాబట్టి వాదన నేనే గెలిచాను.

మామిడి వాసన వచ్చినవి పచ్చడికి పోయాయి. పసుపుపచ్చవి కొన్ని పులిహోరలోకి. మిగిలినవాటిని పాత పేపర్లలో పొట్లాలు కట్టి, ఇంటికో తోట కానుక అని గేటు దగ్గర పెట్టాను. నీలంగా ఉన్న నాలుగూ కుళ్లిపోయాయనుకుని ఎరువు గుంత కోసం పక్కన పెట్టాను. కుళ్లినవి కూడా వృథా కాకూడదు కదా.

ఆదివారం జనం బాగా వచ్చారు. కంఠేశ్వర్ వైపు నుంచి స్కూటర్ల మీద, స్టీలు పళ్లేలు గలగలమనిపించుకుంటూ వచ్చారు. నేను గుంత పక్కన పీట వేసుకుని కూర్చుని ఎరువు పాఠం మొదలుపెట్టాను. "ముక్క ఎంత చిన్నగ ఉంటే అంత జల్ది ఎరువైతది. గిట్ల తరగాలె," అంటూ ఆ నాలుగు నీలం దుంపలనూ ఒక్కొక్కటే కత్తిపీటకు ఎత్తాను. గోరంత గోరంత ముక్కలు చేశాను. వాటి మీద పేడ, ఆకులు, మట్టి వేసి పాఠం ముగించాను. జనం చప్పట్లు కొట్టారు. ఒకావిడ అయితే నా చేతులను ఫోటో తీసుకుంది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి వేపచెట్టు కింద చాచా కూర్చుని భోజనం చేస్తున్నాడు. నా పండుగ చూడాలని పెళ్లి మర్నాడే బస్సెక్కి వచ్చేశాడట. వచ్చినవాణ్ని వచ్చినట్టు సాయవ్వ పళ్లెం ముందు కూర్చోబెట్టింది. నా గుండె ఉప్పొంగింది.

"మంచిగ చేసినవ్ బేటీ. జనం బాగచ్చిండ్రు," అన్నాడు చాచా. "పచ్చడి అయితే మస్తుంది. దేంతోని చేసిండ్రు?"

"మన తోటదే చాచా."

"మన తోటల పచ్చడికి ఏముంది ఇప్పుడు?"

"వెనక గోడ కాడ ఖాళీ జాగ ఉంది కదా, ఆడ దొరికినయి."

చాచా చేయి పళ్లెం మీద ఆగిపోయింది. సాయవ్వ గరిటె పట్టుకుని ఇంకో పని ఉన్నట్టు అటు తిరిగింది.

"మామిడల్లం," అన్నాడు చాచా మెల్లగా. "మరి పచ్చయి?"

"కొన్ని పులిహోరల. కొన్ని పొట్లాలు కట్టి పంచిన."

"తెల్లయి?"

"అవి గూడ పొట్లాలే."

"లోపట నీలంగుంటయి, నాలుగు. అవి?"

"అవి కుళ్లినయి చాచా. సన్నగ తరిగి ఎరువుల వేసిన."

చాచా అరిస్తే బాగుండేది. అరవలేదు. పళ్లెంలో మిగిలిన పచ్చడి వైపు చూశాడు. దుప్పటి వైపు చూశాడు. "పళ్లెంల ఏం వదలొద్దని రాసినవ్ గద," అని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, ఆ పచ్చడిని అన్నంలో కలుపుకుని చివరి మెతుకు దాకా తిన్నాడు. నాకు అక్కడే ఆ గుంతలోకి దూకి, పైన పేడ వేయించుకోవాలనిపించింది.

ఆ మడి కథ అప్పుడు చెప్పాడు. బాల్కొండ నుంచి సిరికొండ దాకా ఊరూరా తిరిగి, జనం వేయడం మానేసిన పసుపు రకాలను రైతుల పెరళ్లలోంచి అడిగి తెచ్చి, ఏళ్లుగా అక్కడ బతికించుకుంటున్నాడు. ఆ నీలం దుంప నల్ల పసుపు. సిరికొండ అడవి పక్క పల్లెలో ఒక ముసలవ్వ కొంగున కట్టుకుని తెచ్చి ఇచ్చిందట. "నా తరువాత దీన్ని ఎవ్వరు సూడరు కొడుకా, నువ్వన్న పోనియ్యకు," అందట. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె పెరట్లో ఇప్పుడు ఇల్లు లేచింది.

ఇద్దరం గుంత తవ్వి చూశాం. పేడలో కలిసిపోయిన ముక్కలు, ఏది ఆకో ఏది దుంపో తెలియదు. చాచా మట్టి మళ్లీ కప్పేశాడు. "పోనీ తియ్యి," అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు రాజీనామా రాసి తీసుకెళ్లాను. చాచా దాన్ని తిప్పి చూశాడు.

"ఒక్క దిక్కే రాసినవ్. కాయిదం వృథా చెయ్యద్దు బేటీ. వెనక దిక్కు ఆ పొట్లాలు తీస్కపోయినోళ్ల పేర్లు రాయి. పోదాం పా."

అదృష్టం ఏమిటంటే, పొట్లం ఇచ్చేటప్పుడు ప్రతి ఇంటి చిరునామా ఒక నోటుబుక్కులో రాయించుకున్నాను. నా స్కూటర్ వెనక చాచాను ఎక్కించుకుని వారం రోజులు కంఠేశ్వర్ గల్లీలన్నీ తిరిగాను. ఒక ఇంట్లో తలుపు తీసిన అమ్మాయి ముఖం నిండా మా తోట అరుదైన పసుపు. "మస్తు మెరుపొచ్చింది అంకుల్," అంది. చాచా ఆ ముఖాన్ని చూసి నిట్టూర్చాడు. ఇంకో ఇంట్లో ఒక పెద్దాయన దగ్గు తగ్గాలని పాలలో మరిగించి తాగేశాడు. దగ్గు మాత్రం తగ్గలేదు. మూడో ఇంటావిడ నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇచ్చిన కానుక వాపస్ అడుగుతరా ఎవరన్న?"

"వాపస్ కాదమ్మా," అన్నాడు చాచా. "సగం తోటకియ్యి, సగం నీ కుండీల పెట్టు. వానలు పడంగనే మొలుస్తది. మా తోటల పోతే నీ దగ్గర అడుగుత, నీ దగ్గర పోతే నేనిస్త."

ఆమె చేతులు దించి, చాయ్ పెట్టింది. అక్కడి నుంచి ప్రతి ఇంట్లో అదే ఒప్పందం. నోటుబుక్కు పూర్తయ్యేసరికి పొట్లాల్లో పంచిన రకాలన్నీ తోటకు తిరిగొచ్చాయి. సాయవ్వ కూడా నూరకుండా దాచిన రెండు మామిడల్లం కొమ్ములు కొంగు ముడి విప్పి ఇచ్చింది. ఆమెకు మొదటి రోజు నుంచే అనుమానమట. రానిది ఒక్క నల్ల పసుపే. చాచా దాని మాట ఎత్తలేదు. నేను ఆ గుంత వైపు వెళ్లడమే మానేశాను.

వానలు మొదలయ్యాయి. ఓ ఉదయం చాచా గొంతు తోట వెనక నుంచి వినిపించింది. నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఇంకేం నాశనం చేశానో అని పరుగెత్తాను. చాచా ఎరువు గుంత పక్కన బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. గుంత నిండా లేత మొలకలు. విచ్చుకున్న ప్రతి ఆకు నడుమ ముదురు ఊదా రంగు చార.

"నల్ల పసుపు," అన్నాడు. ఒక్కొక్కటే వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. ఇరవై ఆరు.

"నాలుగే కద చాచా వేసింది?"

"నువ్వు తరిగినవ్ గద. మొలక కన్ను ఉన్న ముక్కకల్లా ఒక మొక్క లేసింది." చాచా చాలాసేపు నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లసంది నాలుగు నాలుగే ఉండె బేటీ. ముక్కలు చేసి పెడితే పెరుగుతదని నాకు ఎరికే. గాని ఆ అవ్వ ఇచ్చిందాయె, కత్తి పెట్టబుద్ధి కాలె."

నేను అక్కడే బురదలో కూర్చుని బోరున ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అయినా చాచా తన దస్తీ ఇచ్చాడు.

ఇప్పుడు ఏటా వానల ముందు మా తోటలో ఒక ఆదివారం దుంపల పంపకం జరుగుతుంది. ఎవరి కుండీలో పెరిగింది వాళ్లు తెచ్చి, లేని రకం తీసుకుపోతారు. దగ్గు పెద్దాయన అందరికంటే ముందు వస్తాడు. వచ్చిన పెద్దమనుషులు ఇంత మంచి పద్ధతి ఎవరికి తోచిందని అడిగితే, చాచా నన్ను చూపించి, "తరుగుడుల మా బేటీ హుషార్," అంటాడు. అంతకు మించి చెప్పడు. పెద్ద మనసు.

మొన్నటి ఎండాకాలం చాచాకు నాందేడ్‌లో మరో పెళ్లి వచ్చింది. సంచీ భుజానికి వేసుకుని, గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఏదీ ముట్టకు అంటాడని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"బేటీ, కస్తూరి పసుపు గూడ ఎన్నేండ్లాయె, పెరుగుతనే లేదు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నేనుంటే మనసొప్పది. నాలుగు దినాలు ఉండ. కత్తిపీట షెడ్డుల పెట్టిన."

అందుచేత, ఎండిన ఆకుల సాక్షిగా, దుప్పటి మీది రాత సాక్షిగా, సాయవ్వ గరిటె సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ నేలనూ చూసి ఖాళీగా ఉందని అనను. అడగకుండా గడ్డపార ఎత్తను. చాచా ఊరెళ్లినప్పుడు మాత్రం, ఆయన ఆజ్ఞ మీద, కళ్లు గట్టిగా మూసుకుని, కన్ను చూసి తరుగుతాను. పచ్చడి మాత్రం దయచేసి ఎవరూ అడగొద్దు.