ఉషారాణి గారి గులాబీ తేనె

కడియంలో కిరాణా కొట్టు జానకిరామ్ గారి భార్య ఉషారాణికి కల్తీ అంటే ఒళ్ళు మంట. కొట్టుకి వచ్చిన కందిపప్పు బస్తాలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పోసుకుని చూస్తే గాని తూకం వెయ్యనివ్వదు. కారం నీళ్ళలో వేసి చూస్తుంది. నెయ్యి కరగబెట్టి చూస్తుంది. ఒకసారి ఏజెంటు తెచ్చిన టీపొడిని తడి కాగితం మీద పోసి, రంగు దిగిందని చూపించి, అతని డబ్బా అతనికే మూతపెట్టి ఇచ్చేసింది. అలాంటి సమయాల్లో జానకిరామ్ గారు కింద ఏదో పడిపోయినట్టు గల్లాపెట్టె కిందికి వంగి వెతుక్కునేవారు.

ఇన్ని తెలిసిన మనిషికి తేనె మాత్రం లొంగలేదు. కొట్లో అమ్మే సీసాలు తెరిచి నీళ్ళలో చుక్క వేసి చూసింది, దూది వత్తికి అద్ది వెలిగించి చూసింది, ఫోనులో వీడియోలు పెట్టుకుని వాళ్ళు చెప్పినవన్నీ చేసి చూసింది. ఒక పరీక్షలో నెగ్గిన సీసా ఇంకో పరీక్షలో పోయేది. చివరికి విసుగెత్తి, నా కళ్ళ ముందు ఈగ కూర్చిన తేనె తప్ప ఇంకేదీ నమ్మనని తేల్చేసింది. రాజమండ్రి వెళ్ళి తేనెటీగల పెంపకంలో శిక్షణ తీసుకుంది. యాభై దాటిన వయసులో, నెత్తిన వల వేలాడే టోపీతో, ఈగలున్న చెక్కపెట్టెలతో ఆటోలో దిగింది. ఆటో వీధి మొదట్లో ఉండగానే జానకిరామ్ గారు కొట్టు షట్టరు సగం దించారు.

పెట్టెలు పెరట్లో మునగచెట్టు కింద పెట్టింది. చుట్టూ మైళ్ళ కొద్దీ నర్సరీలు, ఏడాది పొడుగునా పూలు. ఇంతకన్నా మంచి చోటు ఈగలకి ఎక్కడ దొరుకుతుందని ఆవిడ ధీమా. పెరటి గోడకి అవతల మరిది సురేష్‌బాబు మిఠాయి కొట్టు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పెద్దాయనకి కిరాణా, చిన్నాయనకి మిఠాయి వచ్చాయి. గోడ పక్కనే రేకుల షెడ్డు, అందులో పొయ్యిలు, పెద్ద పెద్ద పాకం బేసిన్లు. సురేష్‌బాబు భార్య మీనాకుమారి దగ్గరుండి కాజాలు చేయించేది అక్కడే.

మామిడి పూత రోజుల్లో మొదటి తేనె వచ్చింది. కొంచెమే. ఉషారాణి దాన్ని వేడి చెయ్యకుండా, పల్చటి గుడ్డలో వడకట్టి, చిన్న సీసాల్లో పోసి, ‘ఉషారాణి పెరటి తేనె, ఏమీ కలపనిది’ అని చీటీలు అంటించింది. రాజమండ్రిలో పొద్దున్నే గోదావరి గట్టు మీద నడిచేవాళ్ళ బృందం ఒకటుంది. దానికి పెద్ద రిటైరైన లెక్చరర్ ఉదయ్‌భాస్కర్ గారు. ఆయన ఎవరి ద్వారానో ఒక సీసా తెప్పించుకుని, పరగడుపున నిమ్మరసంతో తాగి, బృందం మొత్తానికీ తాగించారు. అప్పటినుంచి సీసాలు నిండేలోపే ఫోన్లు వచ్చేవి.

వానలు మొదలయ్యాక తేనె రాదని శిక్షణలో ముందే చెప్పారు. పూలుండవు, ఉన్నవి తడిసిపోతాయి, ఈగలు ఆకలితో పెట్టె వదిలి పోకుండా పంచదార నీళ్ళు పెట్టాలన్నారు. చెప్పినట్టే ఆషాఢంలో అందరి పెట్టెలూ ఎండిపోయాయి. తేనెటీగల వాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండా ఖాళీ పెట్టెల ఫొటోలే. ఉషారాణి పెట్టెలు మాత్రం పొంగిపొర్లుతున్నాయి. మామిడి పూతలో వచ్చినదానికి ఎన్నో రెట్లు తేనె వస్తోంది. ఆవిడ ఆ ఫొటోలు గ్రూపులో పెట్టింది. రహస్యం ఏంటని అడిగినవాళ్ళకి, ఈగల్ని ప్రేమగా పలకరించాలని, పెట్టె తెరిచేటప్పుడు మనసు శుభ్రంగా ఉండాలని సలహాలు చెప్పింది. శిక్షణ ఇచ్చిన ఆయన కూడా ఒకటి రెండు సందేహాలు ఆవిడనే అడిగాడు.

పైగా ఆ తేనెకి ఏలకుల సువాసన. ఉదయ్‌భాస్కర్ గారు చెంచాడు నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకుని, ఇది అడవి ఏలకుల పూల తేనె అయివుంటుందని చెప్పారు. కడియంలో అడవి ఎక్కడిదని ఆవిడకి ఒక్క క్షణం అనిపించిన మాట నిజమే. కానీ నర్సరీల్లో దొరకని మొక్క లేదు కదా, ఏ మూలనో ఏలకులు పెంచుతూ ఉంటారని సర్దుకుంది.

అదే రోజుల్లో మీనాకుమారి ఒకరోజు గోడ మీదుగా పిలిచి, అక్కా, మీ ఈగలు మా పాకంలో పడి చస్తున్నాయి, పనివాళ్ళని కుడుతున్నాయి, కాస్త ఏదైనా చూడండని చెప్పింది. అవి తనవి కావని, తన ఈగలు పూల మీద తప్ప వాలవని ఉషారాణి జవాబిచ్చింది. మర్నాడు మీనా చచ్చిన ఈగల్ని ఒక పళ్ళెంలో పెట్టుకుని స్వయంగా వచ్చింది. ఉషారాణి కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కోదాన్నీ పుల్లతో తిప్పి తిప్పి చూసి, ఇవి ఎక్కడివో ఊరి మీద తిరిగే ఈగలని తీర్పు చెప్పింది. మీనా పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి తోడికోడళ్ళకి మాటల్లేవు. ఏదైనా చెప్పాల్సి వస్తే మొగుళ్ళ చేత చెప్పించుకునేవారు. అన్నదమ్ములిద్దరూ మాత్రం రోజూ సాయంత్రం స్టేషన్ రోడ్డులో టీ తాగుతూనే ఉన్నారు, ఇంట్లో చెప్పకుండా.

ఇంతలో శ్రావణమాసం వచ్చింది, పెళ్ళిళ్ళు వచ్చాయి. రాజమండ్రిలో ఒక పెద్ద పెళ్ళికి కాజాల ఆర్డరు సురేష్‌బాబుకి దొరికింది. ఆ పెళ్ళి అలంకరణ చేసేవాళ్ళు అన్నీ గులాబీ రంగులోనే ఉండాలన్నారట. పందిరి గులాబీ, కుర్చీల గుడ్డలు గులాబీ, పెళ్ళికొడుకు తలపాగా గులాబీ, ఆఖరికి కాజాలు కూడా. మీనా వాళ్ళు చెప్పినట్టే పాకంలో రంగు కలిపి, రోజ్ ఎసెన్సు పోసి, రోజుల తరబడి బేసిన్ల కొద్దీ గులాబీ కాజాలు తేల్చింది.

ఆ వారం ఆదివారం నాడు నడక బృందం వ్యాన్ కట్టించుకుని కడియం వచ్చింది. తేనె తీయడం కళ్ళారా చూడాలని వాళ్ళ కోరిక. జానకిరామ్ గారు అందరికీ కుర్చీలు వేయించి, తాను మాత్రం గుమ్మం లోపల నిలబడ్డారు. ఉషారాణి టోపీ పెట్టుకుని, మొగుడి ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, ముందుగా కల్తీ గురించి కాసేపు మాట్లాడింది. బజార్లో దొరికే తేనెలో ఏమేం కలుపుతారో చెప్పింది. మన కళ్ళ ముందు తీసిందే తేనె అని ముగించి, కొద్దిగా పొగ పట్టి, పెట్టె మూత తీసి, పట్టు అల్లుకున్న ఫ్రేమును పైకెత్తింది. ఉదయ్‌భాస్కర్ గారు ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నారు.

ఎండ తగిలేసరికి పట్టులోని గదులన్నీ గులాబీ రంగులో మెరిశాయి. రాజమండ్రి రోజ్ మిల్క్‌లో పాలు పోయకముందు గ్లాసు అడుగున కనిపిస్తుందే, అచ్చం ఆ రంగు.

ఉషారాణి రెండో ఫ్రేము తీసింది. అదీ అంతే. పక్క పెట్టె తెరిచింది. అందులో ఇంకా చిక్కగా ఉంది. అప్పుడు ఉదయ్‌భాస్కర్ గారు ఫోను దించి, దణ్ణం పెట్టినంత పని చేశారు. కడియం గులాబీల తేనె అని, ఇంతకాలం ఈ సంగతి దాచడం అన్యాయమని అన్నారు. వెనకనుంచి ఒకావిడ తనకి ఇప్పుడే రెండు సీసాలు కావాలంది. ఇంకొకాయన, చర్మానికి కూడా మంచిదనుకుంటానండి అన్నాడు. అంతా లేచి నిలబడ్డారు.

జానకిరామ్ గారు గుమ్మం దాటి వచ్చి భార్య పక్కన నిలబడి మెల్లిగా అన్నారు. “మనమేమీ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే అంటున్నారు. నువ్వు ఊరుకో.”

ఉషారాణి టోపీ వల పైకెత్తి, పట్టులో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. పంచదార పాకం, ఏలకులు, రోజ్ ఎసెన్సు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో తింటున్న కాజా రుచి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. అడవి ఏలకులు ఎక్కడివో కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

“ఇది గులాబీల తేనె కాదండి,” అంది. “గోడవతల మా తోడికోడలు కాజాలు ముంచే పాకం. మా ఈగలు అక్కడికెళ్ళి తాగొస్తున్నాయి. వానాకాలంలో మీరు పట్టుకెళ్ళిందీ అదేనండి.”

ఉదయ్‌భాస్కర్ గారు నవ్వి, పెద్దవాళ్ళు ఎప్పుడూ ఇలాగే తగ్గించుకుని మాట్లాడతారని బృందానికి వివరించారు. ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ నవ్వారు. మూడోసారి చెప్పేసరికి ఆయన మొహం మారింది. హైదరాబాద్ నుంచి ఎవరో ఎక్కువకి అడిగివుంటారని, అందుకే తమకి అమ్మడం ఇష్టం లేక ఈ కథ చెబుతోందని అనుకున్నారు. ఆ మాట పైకి అనలేదు గాని, పెద్ద ఊళ్ళ వాళ్ళకే ఇచ్చుకోండమ్మా అని వ్యాన్ ఎక్కేశారు. ఆ వ్యాన్ తిన్నగా వెళ్ళి మిఠాయి కొట్టు ముందు ఆగింది. అందరూ గులాబీ కాజాలు కొనుక్కుని మరీ వెళ్ళారు.

ఉషారాణి మధ్యాహ్నం దాకా మునగచెట్టు కింద కూర్చుని ఉండిపోయింది. భోజనానికి పిలిచినా లేవలేదు. కల్తీ చేసేవాడు కనీసం తాను చేస్తున్నానని తెలిసి చేస్తాడు, తనైతే ఏమీ కలపలేదని చీటీ అంటించి మరీ అమ్మింది. అదే ఆవిడ మనసులో తిరుగుతోంది. ఆ చీటీ మీద ఉన్నది తన పేరు. ఈగలు మాత్రం ఏమీ పట్టనట్టు గోడ దాటి వెళ్తున్నాయి, వస్తున్నాయి.

సాయంత్రం చీర మార్చుకుని, పెరటి దారిన కాకుండా వీధిలోంచి నడిచి వెళ్ళి, మిఠాయి కొట్టు ముందు జనం వెనకాల నిలబడింది. తన వంతు వచ్చేదాకా ఆగింది. మీనా ఆవిడని చూసి, తెలియని మనిషిని అడిగినట్టు, ఏం కావాలండీ అని అడిగింది.

“పాకంలో పడినవి నా ఈగలే, మీనా.”

మీనా అట్టపెట్టె మడత పెడుతూ తలెత్తకుండా అంది. “ఆ రోజు కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశారు కదక్కా.”

“చూశాను. నావేనని అప్పుడే తెలిసింది.”

మీనా చేతిలో అట్టపెట్టె ఆగిపోయింది. ఆ జవాబు ఆమె ఊహించలేదు. కోపంగానే ఉందామనుకుంది గాని, పుల్లతో ఈగల్ని తిప్పి చూసిన ఆ మొహం గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వు మొదలయ్యాక ఉషారాణి కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. కొట్టు లోపల స్టూలు వేసి కూర్చోబెట్టి, వేడివేడి కాజా చేతిలో పెట్టింది మీనా. పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, ఆవిడ మారుమాట లేకుండా తినేసింది.

మర్నాటినుంచి ఉషారాణి వానాకాలంలో సీసాలు కొన్న ఒక్కొక్కరికీ ఫోన్ చేసి విషయం చెప్పడం మొదలుపెట్టింది. సీసా వెనక్కి పంపమంటే ఒక్కరూ పంపలేదు. ఒకావిడ, మా అత్తగారికి ఈ తేనెతోనే దగ్గు తగ్గింది, ఆవిడకి మాత్రం తెలియనివ్వకండని బతిమాలింది. పెనుగొండ నుంచి ఒక పెద్దాయన దాంతో ఇంట్లో దేవుడికి అభిషేకం చేశానని చెప్పేసరికి ఉషారాణి ఫోను పట్టుకునే లెంపలేసుకుంది. ఆయన కాసేపు ఆలోచించి, పంచామృతాల్లో పంచదార కూడా ఉంది కదమ్మా, ఫరవాలేదులే అని ఆవిడకే ధైర్యం చెప్పారు. ఉదయ్‌భాస్కర్ గారు ఫోన్ ఎత్తలేదు.

సురేష్‌బాబు షెడ్డు చుట్టూ దోమతెర కొట్టించాడు. ఈగలకి అది ఒక లెక్క కాదు, చిన్న సందు దొరికినా దూరిపోతున్నాయి. పెట్టెలు మార్చక తప్పదని ఉషారాణికి అర్థమైంది. దగ్గర్లో పెడితే మళ్ళీ పాత చోటికే వచ్చేస్తాయి కాబట్టి దూరంగా బుర్రిలంకలో భీమరాజు గారి తోట చూసుకుంది. ఆయన నర్సరీ వెనక కొబ్బరి, వేప, మునగ చెట్లున్నాయి. మొక్కలకి మందు కొట్టే ముందురోజు ఫోన్ చేస్తానని భీమరాజు గారు ఒప్పుకున్నారు.

ఈగలన్నీ గూటికి చేరిన వేళ, పెట్టెల తలుపులు మూసి, విజయ్ పాల్ ఆటోలో ఎక్కించారు. సాయంగా మీనా కూడా ఎక్కింది. కాలవగట్టు మీద స్పీడు బ్రేకరు దగ్గర ఆటో ఎగిరిపడింది. ఒక పెట్టె తలుపు ఊడి ఈగలు బయటికొచ్చాయి. చెవి దగ్గర మొదటి ఈగ రొద వినగానే విజయ్ పాల్ బ్రేకు తొక్కి, దూకి, పరుగెత్తాడు. హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు. ఆటో మెల్లిగా కాలవ వైపు జారుతోంది. అతను దూరంగా ఒక కొబ్బరిచెట్టు చాటునుంచి ఉషారాణికి ఫోన్ చేశాడు.

“కంగారు పడకండమ్మా. సీటు పక్కన లివర్ ఉంటాదండి, దాన్ని పైకి లాగండి.”

లాగింది. ఆటో ఆగింది. ఉషారాణి తడిగుడ్డ పెట్టి పెట్టె సందు మూసింది. ఆవిడకి టోపీ ఉంది, మీనాకి లేదు. పైట మొత్తం తలకి చుట్టుకున్నా ఒక ఈగ పై పెదవి మీద కుట్టేసింది. ఈగలు సర్దుకునేదాకా తోడికోడళ్ళిద్దరూ గట్టు మీద కూర్చున్నారు. మీనా పెదవి బూరెలా ఉబ్బింది. ఆ పెదవితోనే, ఈ ఈగలకి ఇన్నాళ్ళు తిండి పెట్టింది నేనే కదక్కా, కుట్టడం నన్నా అని అడిగింది. విజయ్ పాల్ ఎంత పిలిచినా రాలేదు. భీమరాజు గారి మనిషి వచ్చి ఆటో నడపాల్సి వచ్చింది.

మళ్ళీ పూత రోజులొచ్చాక కొత్త తేనె తీసింది. ముదురు రంగు, నాలిక చివర వేప చిరుచేదు. తెలిసినవాళ్ళందరికీ రుచి చూపించింది. సగం మంది మొహం చిట్లించారు. కొందరు, ఆ గులాబీది ఉంటే చెప్పమన్నారు.

అలక తీరిన ఉదయ్‌భాస్కర్ గారు కూడా ఒకరోజు వచ్చారు. చెంచాడు తేనె నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఆలోచించి, నొప్పించకుండా అడిగారు.

“పాత రుచి లేదండి. ఏమైనా కలుపుతున్నారా?”

“కలపడం మానేశామండి,” అంది ఉషారాణి.

ఆయన ఒక చిన్న సీసా తీసుకుని వెళ్ళారు. ఇప్పుడు కొనేవాళ్ళు తక్కువే. మొహం చిట్లించినవాళ్ళకి ఆవిడ కూడా అమ్మదు. ఆదివారాలు మీనా స్కూటీ మీద ఇద్దరూ బుర్రిలంక వెళ్తారు. మీనా కూడా సొంతంగా ఒక పెట్టె పెట్టుకుంది. తన పెట్టెలో తేనె ఎక్కువుందని ఆమె, చిక్కదనం తక్కువని ఈవిడ, తిరిగొచ్చేదాకా దారి పొడుగునా వాదించుకుంటూనే ఉంటారు.